ఆట నిలవాలంటే ఒళ్లు నిలవాలి

దాళ్వా కోతలు అయిపోయాయంటే కోనసీమలో క్రికెట్ కాలం మొదలైనట్టే. ఖాళీ అయిన చేలో వరి దుబ్బులు చదునుచేసి పిచ్ తయారుచేస్తారు. కాలువగట్టు ఒకవైపు బౌండరీ, కొబ్బరితోట ఇంకోవైపు బౌండరీ. కొబ్బరి మట్టను చెక్కి బ్యాటు చేసుకునే కాలం పూర్తిగా పోలేదు. కానీ అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు మధ్యతరగతి ఇళ్లలో ఇప్పుడు వీధి గుమ్మం పక్కన ప్యాడ్లు, హెల్మెట్, గ్లౌజులు ఉన్న పెద్ద కిట్ బ్యాగు కూడా కనిపిస్తోంది. ‘మా వాడు సెలక్షన్స్‌కి వెళ్తున్నాడండీ’ అనే మాట, ‘మా వాడికి ఐఐటీ కోచింగ్ అండీ’ అనే మాటంత మామూలైపోయింది.

ఆ కల తప్పని చెప్పడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. ఎదుర్లంక దగ్గర గౌతమి వంతెన దాటితే యానాం, అక్కడి నుంచి కాస్త దూరం వెళితే కాకినాడ. ఆ కాకినాడలో 1993లో పుట్టిన హనుమ విహారి భారత్ తరఫున 16 టెస్టులు ఆడాడు. అమలాపురంలో పుట్టి పెరిగిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి బ్యాడ్మింటన్ పురుషుల డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానానికి చేరాడు. కడప జిల్లా నుంచి వెళ్లిన శ్రీచరణి 2025 నవంబరులో వన్డే ప్రపంచకప్ గెలిచిన మహిళల జట్టులో ఉంది. మన ఊళ్ల పిల్లలు పెద్ద ఆటగాళ్లు కాగలరా అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడో వచ్చేసింది.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న వేరు. ఆ ఆట ఆడే ఒంటిని ఎవరు చూసుకుంటున్నారు?

నొప్పిని మెచ్చుకునే అలవాటు

విహారి పేరు చెప్పగానే క్రికెట్ అభిమానులకు గుర్తొచ్చేది 2021 జనవరి 11, సిడ్నీ టెస్టు చివరి రోజు. తొడ వెనుక కండరం దెబ్బతిని, సింగిల్ తీయడానికి పరుగెత్తడమే కష్టమైన స్థితిలో అతను 161 బంతులు ఆడాడు. చేసింది 23 పరుగులే. అవతలి ఎండ్‌లో నడుం నొప్పితో ఉన్న అశ్విన్ 128 బంతులు ఆడాడు. ఇద్దరూ ఔట్ కాలేదు, మ్యాచ్ డ్రా అయింది. మళ్లీ 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో జరిగిన రంజీ క్వార్టర్ ఫైనల్‌లో అవేశ్ ఖాన్ బంతి తగిలి విహారి ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. దెబ్బతిన్న చేయి బంతికి ఎదురు రాకుండా ఎడమచేతి వాటం బ్యాటర్‌లా తిరిగి నిలబడి, ఒక్క చేత్తో బ్యాటు పట్టుకుని ఆంధ్ర జట్టు కోసం ఆడాడు. ఇంకా వెనక్కి వెళితే భారత టెస్టు జట్టు తొలి కెప్టెన్, మన తెలుగు మూలాలున్న సి.కె.నాయుడు. యాభై దాటిన వయసులో రంజీ ఫైనల్లో బంతి తగిలి పళ్లు ఊడినా క్రీజు వదల్లేదని నేటికీ చెప్పుకుంటాం.

ఇవి గర్వపడాల్సిన సంగతులే. అయితే వీటిని మన పిల్లలకు చెప్పేటప్పుడు సగమే చెబుతున్నాం. సిడ్నీలో ఆడింది ఇరవై ఏడేళ్ల వృత్తి ఆటగాడు. ఎముకలు పూర్తిగా ఎదిగిన ఒళ్లు. పక్కనే ఫిజియో, డాక్టరు, స్కానింగ్ సౌకర్యం. తాను ఏం పణంగా పెడుతున్నాడో అతనికి తెలుసు. ఆ కండరం గాయంతోనే తర్వాతి బ్రిస్బేన్ టెస్టుకు దూరమయ్యాడు. కథలోని ఈ రెండో సగం పిల్లల చెవిన పడదు. వాళ్లకు చేరేది ఒక్కటే, ‘నొప్పి ఉందని చెప్పేవాడు ఆటగాడు కాదు’.

అందుకే పదమూడేళ్ల కుర్రాడు నడుం పట్టేసినా నోరు మెదపడు. చెబితే కోచ్ పక్కన కూర్చోబెడతాడని భయం, నాన్న కిట్టుకు పెట్టిన డబ్బు గుర్తొస్తుందని ఇంకో భయం. చివరికి రాత్రి అమ్మ చేత బామ్ రాయించుకుంటాడు, ఉదయం అయిదింటికి మళ్లీ నెట్స్‌కి వెళ్తాడు. ఒక వృత్తి జీవితం మొదలవ్వకముందే ముగిసిపోయే దారి చాలాసార్లు ఇదే.

ఎదిగే ఎముక, పడే బరువు

పేస్ బౌలర్ పరుగెత్తుకొచ్చి ముందు కాలు నేలకు కొట్టిన క్షణంలో ఆ కాలి మీద పడే బలం అతని శరీర బరువుకు అయిదారు రెట్లు ఉంటుంది. అదే క్షణంలో నడుం వెనక్కి వంగుతుంది, పక్కకు వాలుతుంది, మెలితిరుగుతుంది. ఆ ఒత్తిడంతా వెన్నుపూస కింది భాగంలో వెనుకవైపు ఉండే సన్నని ఎముక వంతెన మీద పడుతుంది. ఒకటి రెండు సార్లు పడితే ఏమీ కాదు. వారానికి కొన్ని వందలసార్లు, నెలల తరబడి పడితే అక్కడ వెంట్రుకవాసి పగులు మొదలవుతుంది. దీన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. నడుం భాగంలోని ఈ ఎముక ఇరవైల తొలినాళ్ల దాకా గట్టిపడుతూనే ఉంటుంది. అందుకే పదమూడు నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మధ్య పేస్ బౌలర్లకు ఈ ముప్పు ఎక్కువ. ఒక్కసారిగా పొడవు పెరిగే సంవత్సరాల్లో అయితే ఎముక పెరిగినంత వేగంగా కండరాలు అందుకోలేవు, కుర్రాడి ఒంటికి పట్టు తప్పుతుంది.

దీనికి పెద్ద పేర్లు కూడా అతీతం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన పాట్ కమిన్స్ 2011 నవంబరులో పద్దెనిమిదేళ్లకే జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడి, ఒక ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు. అతను రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, మన రాంచీలో. మధ్యలో అయిదేళ్లకు పైగా కాలం చాలావరకు వెన్ను గాయాలకే పోయింది. మన జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2022లో వెన్ను మళ్లీ ఇబ్బంది పెట్టడంతో టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు, 2023 మార్చిలో ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆగస్టులో గానీ మళ్లీ బంతి పట్టలేదు. వీళ్లకు బోర్డులు అండగా ఉన్నాయి, కాంట్రాక్టులు ఉన్నాయి, ఆగి తిరిగి రాగలిగారు. జిల్లా సెలక్షన్స్ దగ్గర ఆగిపోయిన పదిహేనేళ్ల కుర్రాడి కోసం ఎవరూ ఆగరు.

గుర్తులు తెలుసుకోవడం కష్టం కాదు. కుడిచేత్తో వేసే బౌలర్‌కు సాధారణంగా నడుం ఎడమవైపు, ఎడమచేత్తో వేసేవారికి కుడివైపు నొప్పి వస్తుంది. వెనక్కి వంగితే ఎక్కువవుతుంది. మొదట్లో బౌలింగ్ అయ్యాక వచ్చి రాత్రికి తగ్గుతుంది, తర్వాత్తర్వాత బౌలింగ్ వేస్తున్నంతసేపూ ఉంటుంది. ఇలాంటి నొప్పి రెండు వారాలు దాటితే బామ్‌లతో, నొప్పి మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. మామూలు ఎక్స్‌రేలో తొలిదశ పగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది. తొలిదశలో పట్టుకుంటే, కొన్ని నెలలు బౌలింగ్ పూర్తిగా మానితే చాలామందిలో ఎముక అతుక్కుంటుంది. నిర్లక్ష్యం చేస్తే ఆ పగులు అతుక్కోకుండా అలాగే మిగిలిపోవచ్చు.

మోకాలి చిప్ప కింద బొడిపెలా ఉబ్బి నొప్పి రావడం, మడమ వెనుక నొప్పి, బంతి విసిరే చేతి భుజంలో, మోచేతిలో నొప్పి, ఇవి కూడా ఎదిగే వయసు ఎముకలు పంపే కబుర్లే. ఎముక చివర్లలో ఎదుగుదల జరిగే మెత్తటి భాగాలు ఉంటాయి. పెద్దవాళ్లలో కండరం పట్టేసే చోట, పిల్లల్లో ఆ మెత్తటి భాగం దెబ్బతింటుంది. అందుకే పెద్దల బెణుకును చూసినట్టు పిల్లల నొప్పిని చూడకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన నొప్పి మాత్ర వేసి మ్యాచ్‌కు పంపడం అన్నిటికంటే ప్రమాదం. నొప్పి అణిగిపోవడంతో దెబ్బతిన్న చోటే మళ్లీ బరువు పడుతుంది. ఎండలో నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీలకూ చేటు.

ఓవర్ల లెక్క ఎవరి దగ్గర ఉంది?

ఇంగ్లండ్, వేల్స్ క్రికెట్ బోర్డు పేస్ వేసే పిల్లలకు చాలా ఏళ్లుగా ఒక కట్టడి పాటిస్తోంది. పదమూడేళ్ల లోపు వారు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజు మొత్తంలో 10 ఓవర్లకు మించి వేయకూడదు. 14, 15 ఏళ్ల లోపు విభాగాల వారికి స్పెల్‌కు 6, రోజుకు 12. పదహారు దాటాక కూడా స్పెల్‌కు 7, రోజుకు 18. వరసగా రెండు రోజులకు మించి, వారంలో నాలుగు రోజులకు మించి బౌలింగ్ వద్దని కూడా చెబుతారు.

మరి మన దగ్గర? కొంచెం వేగంగా వేసే కుర్రాడు ఊళ్లో ఉంటే చాలు. ఉదయం అకాడమీ నెట్స్‌లో వేస్తాడు, సాయంత్రం స్కూల్ జట్టుకు వేస్తాడు, ఆదివారం ఊరి జట్టు తరఫున టోర్నమెంటులో వేస్తాడు. సెలవుల్లో పక్క ఊరి జట్టు కూడా ‘మాకూ రావాలి తమ్ముడూ’ అని బండి పంపుతుంది. కోచ్‌కు తన నెట్స్ లెక్క తెలుసు, పీఈటీ మాస్టారికి స్కూల్ మ్యాచ్ లెక్క తెలుసు, ఊరి కెప్టెన్‌కు ఆదివారం లెక్క తెలుసు. మొత్తం కూడితే ఎంతైందో వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆ కూడిక చేయగలిగింది ఇంట్లోవాళ్లే.

పాల లెక్క క్యాలెండర్ మీద రాసుకోవడం మనకు అలవాటే. అదే క్యాలెండర్‌లో పిల్లాడు ఆ రోజు వేసిన ఓవర్లు, నిద్రపోయిన గంటలు, ఎక్కడైనా నొప్పి ఉంటే ఆ సంగతి రాయండి. నెల తిరిగేసరికి ఏ స్కానింగ్ చెప్పని విషయం ఆ కాగితం చెబుతుంది. ఏ వారంలో ఓవర్లు ఒక్కసారిగా రెట్టింపయ్యాయో, ఆ తర్వాత ఎన్ని రోజులకు నొప్పి మొదలైందో కళ్లకు కడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కాగితమే తీసుకెళ్లండి.

బ్యాటర్లకు, స్పిన్నర్లకు, అసలు ఏ ఆట ఆడే పిల్లలకైనా పిల్లల వైద్యులు, క్రీడా వైద్యులు చెప్పే ఒక తేలికైన కొలత ఉంది. పిల్లల వయసు ఎంతో, వారానికి అన్ని గంటలకు మించి ఒకే ఆటలో శిక్షణ ఉండకూడదు. పన్నెండేళ్లకు పన్నెండు గంటలు. వారానికి కనీసం ఒకరోజు పూర్తి విశ్రాంతి. ఏడాదిలో మొత్తం మీద రెండు మూడు నెలలు ఆ ఆటకు సెలవు, ఆ సెలవుల్లో ఈత కొట్టొచ్చు, కబడ్డీ ఆడొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. ఒకే కదలికతో అరిగే ఒంటికి వేరే ఆటే విశ్రాంతి. వానాకాలంలో మన గ్రౌండ్లు ఎలాగూ నీళ్లలోనే ఉంటాయి. ఇండోర్ నెట్స్ కోసం పరుగులు పెట్టకుండా ఆ రోజుల్ని ఒంటికి వదిలేస్తే మంచిది.

ఎండ, చెమట, కొబ్బరినీళ్లు

ఏప్రిల్, మే నెలల్లో కోనసీమ ఎండ కంటే ఉక్కపోత ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మన వాతావరణానికి దగ్గరగా ఉండే చెన్నైలో 1986 సెప్టెంబరులో జరిగిన టెస్టులో ఆస్ట్రేలియా బ్యాటర్ డీన్ జోన్స్ 210 పరుగులు చేశాడు. మధ్యలో మైదానంలోనే వాంతులు చేసుకున్నాడు, ఇన్నింగ్స్ ముగిశాక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న అంతర్జాతీయ ఆటగాడికే ఆ గతి పడితే, మే నెల మిట్టమధ్యాహ్నం ప్యాడ్లు, హెల్మెట్‌తో నిలబడే పన్నెండేళ్ల పిల్లాడి సంగతి ఆలోచించండి. ఎండాకాలం ఆట ఉదయం తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత మాత్రమే. సెలవుల మొదటి రోజే మూడు గంటలు ఆడించకుండా, పది పన్నెండు రోజుల్లో నెమ్మదిగా పెంచాలి.

ఇక్కడ మన ఊరి నమ్మకం ఒకటి సరిదిద్దుకోవాలి. ‘రెండు బోండాలు తాగితే చాలు’ అంటాం. కొబ్బరినీళ్లు మంచివే, అందులో పొటాషియం బాగా ఉంటుంది. కానీ చెమటలో ఎక్కువగా పోయేది సోడియం, అంటే ఉప్పు. కొబ్బరినీళ్లలో అది తక్కువ. గంటకు పైగా చెమటోడ్చి ఆడినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో తోడు కావాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. తల తిరగడం, వికారం కనిపిస్తే ఆట ఆపించి నీడకు చేర్చాలి. తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి విసరాలి. స్పృహ సరిగా లేని వారి నోట్లో నీళ్లు పోయకూడదు.

వేసవి సాయంత్రాల్లో ఇంకో ముప్పు పిడుగు. ఖాళీ చేలో నిలబడినవాడే అక్కడ ఎత్తైనవాడు. పరుగెత్తి కొబ్బరిచెట్టు కిందికి చేరితే ముప్పు తగ్గకపోగా పెరుగుతుంది. ఉరుము వినబడగానే ఆట ఆపేసి పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే బయటికి రావాలి. ఆఖరి ఓవర్ అయినా సరే.

తలకు తగిలితే ఆ రోజు ఆట అయిపోయినట్టే

టెన్నిస్ బంతి నుంచి కార్క్ బాల్‌కు, లెదర్ బాల్‌కు మారిన రోజే హెల్మెట్ కొనాలి. ‘ఇంకా చిన్నవాడే కదా, అంత వేగంగా ఎవరు వేస్తారు’ అనుకోవద్దు. 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా షార్ట్‌లెగ్‌లో ఫీల్డింగ్ చేస్తూ తలకు బంతి తగిలి మన మాజీ ఓపెనర్ రమణ్ లాంబా మరణించాడు. 2014 నవంబరులో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ ఉన్నా, దాని కింద మెడ దగ్గర బంతి తగిలి రెండు రోజులకు చనిపోయాడు. ఆ తర్వాతే మెడను కాపాడే అదనపు రక్షణ వాడకం పెరిగింది. 2019 ఆగస్టు నుంచి తలకు దెబ్బ తగిలిన ఆటగాడి బదులు మరొకరిని ఆడించే వీలు అంతర్జాతీయ క్రికెట్‌లో వచ్చింది. అన్నయ్య హెల్మెట్ తమ్ముడికి వదులుగా ఉంటే అది లేనట్టే లెక్క.

తలకు బంతి తగిలాక పిల్లాడు ‘బానే ఉన్నా’ అన్నా ఆ రోజు ఆట చాలించాలి. తలనొప్పి, మగత, వెలుతురు చూడలేకపోవడం, ఇప్పుడే జరిగింది గుర్తులేకపోవడం ఉంటే డాక్టరు చెప్పేదాకా మైదానం వైపు వెళ్లకూడదు. పదే పదే వాంతులు, ఫిట్స్, పెరిగే తలనొప్పి, ఒకవైపు చేయి కాలు బలహీనపడటం కనిపిస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్ర, తిండి, డబ్బాల మోజు

ఊరి నుంచి కాకినాడకో రాజమహేంద్రవరానికో కోచింగ్‌కు వెళ్లే పిల్లల రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. నెట్స్, స్కూలు, సాయంత్రం ట్యూషన్, హోంవర్క్ అయ్యేసరికి రాత్రి పదకొండు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చిరిగిన కండరం అతుక్కునేది, నేర్చిన షాట్ మెదడులో కుదురుకునేది నిద్రలోనే. అయిదు గంటల నిద్రతో చేసే మూడు గంటల సాధన కంటే, ఎనిమిది గంటల నిద్రతో చేసే గంటన్నర సాధన మేలు.

తిండి విషయంలో కోనసీమ పిల్లలకు లోటు ఉండాల్సిన పనిలేదు. చేపలు, గుడ్లు, పాలు, పప్పు, వేరుశనగ, రాగి జావ, అరటిపండు అన్నీ అందుబాటులో ఉన్నవే. లోపం ఎక్కడంటే వేళలో. ఖాళీ కడుపుతో నెట్స్‌కి వెళ్లి, వచ్చాక ఆదరాబాదరా రెండు ఇడ్లీలు మింగి స్కూల్‌కి పరుగెడతారు. వెళ్లేముందు ఒక అరటిపండు, వచ్చిన గంటలోపు గుడ్డో పాలో పప్పన్నమో ఉండాలి. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. రక్తహీనత ఉంటే ఎంత సాధన చేసినా ఆయాసమే మిగులుతుంది. ఆట పెరిగాక నెలసరి ఆగిపోతే దాన్ని సాధన తాలూకు మామూలు విషయంగా తీసుకోవద్దు. ఒంటికి చాలినంత తిండి అందడం లేదనడానికి, ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి అది హెచ్చరిక.

డబ్బాల్లో వచ్చే పొడుల విషయంలో ఒక మాట. జిమ్‌లో ఎవరో చెప్పారని కొనిచ్చే పొడిలో ఏం కలిసిందో మనకు తెలియదు. స్టెరాయిడ్లు కలిస్తే ఎముకల ఎదుగుదల ముందే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఇక ఆటలో నిషేధిత మందుల నిబంధన దగ్గుమందును కూడా వదిలిపెట్టదు. నిషేధిత పదార్థం ఉన్న దగ్గుమందు తాగినందుకు 2019లో పృథ్వీ షాపై క్రికెట్ బోర్డు ఎనిమిది నెలల నిషేధం వేసింది. పోటీలకు వెళ్లే పిల్లలకు ఏ మందు ఇచ్చినా డాక్టరుకు ‘ఆటగాడండీ’ అని ముందే చెప్పడం అలవాటు చేసుకోవాలి.

వయసు దాచితే నష్టం ఎవరికి?

కొందరు తల్లిదండ్రులు రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ చేయిస్తారు. క్రికెట్ బోర్డు అండర్-16 స్థాయిలోనే మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తుంది కాబట్టి ఆ ఎత్తు ఎలాగూ పారదు. అంతకన్నా పెద్ద విషయం వేరే ఉంది. పదిహేనేళ్ల వాడిని పదమూడేళ్ల వాళ్లతో ఆడిస్తే, ఆ పదమూడేళ్ల పిల్లలు తమ ఒంటికి మించిన బంతిని ఎదుర్కోవాలి. రేపు ఆ పిల్లాడు మన ఇంటివాడే కావచ్చు. పైగా, తన అసలు వయసు పదిమందిలో దాచాల్సిన కుర్రాడు మనసులో మోసే బరువు ఏ ఎక్స్‌రేకీ దొరకదు.

మనసు సంగతీ ఒంటి సంగతే. 2025 ఐపీఎల్ కోసం జరిగిన మెగా వేలానికి పేర్లు ఇచ్చినవారు 1,574 మంది. వారిలో అమ్ముడైనది 182 మంది. పేరు ఇవ్వగలిగిన స్థాయికి రాకముందే ఆగిపోయిన వేల మందిని ఎవరూ లెక్కపెట్టరు. రంజీ జట్టులోకి వెళ్తే కొత్త ఆటగాడికి కూడా రోజుకు 40 వేల రూపాయల మ్యాచ్ ఫీజు ఉంది, గుమ్మం బయట ఉన్నవాడికి ఏమీ లేదు. ఈ తేడా పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. సెలక్షన్ లిస్టులో పేరు లేని రోజు ఇంటికొచ్చిన పిల్లాడు ముందు చూసేది అమ్మానాన్నల మొహం. ఆ రోజు భోజనం దగ్గర ఆట ఊసెత్తకపోవడమే మనం చేయగల పెద్ద వైద్యం. నిద్ర పట్టకపోవడం, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం, ఇష్టమైన ఆటంటేనే విసుగు రెండు వారాలు దాటితే మానసిక వైద్యుల్ని కలవడానికి సంకోచించవద్దు. 2014 ఇంగ్లండ్ పర్యటనలో తాను కుంగుబాటుకు లోనయ్యానని విరాట్ కోహ్లీ అంతటివాడే బయటికి చెప్పాడు.

చదువును పూర్తిగా వదిలేయించడం కూడా ఆరోగ్య సమస్యే. రెండో దారి లేని పిల్లాడు గాయాన్ని దాచిపెడతాడు, ఎందుకంటే ఆగితే అతనికి ఇంకేమీ మిగలదు. తల్లిదండ్రులిద్దరూ వైద్యులైన ఇంట్లో పుట్టిన వీవీఎస్ లక్ష్మణ్ వైద్య విద్య, క్రికెట్ మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, కొన్నేళ్ల గడువు పెట్టుకుని ఆటవైపు వెళ్లాడు. అలాంటి గడువు, తిరిగొచ్చే దారి ఇంట్లో ముందే మాట్లాడుకుంటే పిల్లాడు స్వేచ్ఛగా ఆడతాడు. క్రీడారంగంలోనే ఫిజియోలు, ట్రైనర్లు, అంపైర్లు, స్కోరర్లు, విశ్లేషకుల ఉద్యోగాలు పెరుగుతున్నాయి. ఆట మీద ప్రేమకు బ్యాటు ఒక్కటే రూపం కాదు.

పెద్దలు చేయాల్సింది

భారమంతా తల్లిదండ్రుల మీదే వేయడం న్యాయం కాదు. ప్రైజు మనీ ప్రకటించి టోర్నమెంట్లు పెట్టే నిర్వాహకులు మైదానంలో నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక వాహనం ఉంచడాన్ని కప్పు కొనడం కంటే ముందు చూసుకోవాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు ఓవర్ల పరిమితి రాసిన కాగితం స్కోరర్ బల్ల మీద ఉండాలి. అకాడమీలు ఫీజు రసీదుతో పాటు పిల్లాడి గాయాల రికార్డు కూడా ఇవ్వాలి. జిల్లా సెలక్షన్స్ దగ్గర పరుగులు, వికెట్లు చూసే కళ్లతో పాటు ఒక ఫిజియో కళ్లు కూడా ఉండాలి. అమలాపురంలో వైద్య కళాశాల ఉంది. వారానికో రోజు ఆటగాళ్ల కోసం ప్రత్యేక ఓపీ నడిపితే రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం పిల్లలు నడుం నొప్పికి హైదరాబాద్ దాకా వెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది. ప్రతి హైస్కూల్లో పీఈటీ పోస్టు నిండి ఉండటం వీటన్నిటికీ పునాది. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడన్న సంగతి మన జిల్లాకు గుర్తుచేయాల్సిన పని లేదు.

ఆ సాత్విక్ కూడా 2019లో భుజం గాయంతో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు వెళ్లలేదు. 2024లో మళ్లీ భుజం నొప్పి వస్తే ఆసియా ఛాంపియన్‌షిప్ నుంచి తప్పుకున్నాడు. అప్పటికి డబుల్స్ ఆసియా ఛాంపియన్ అతనే, ఒలింపిక్స్ ముంగిట్లో ఉన్నాయి. అయినా ఆగాడు. ఆగాడు కాబట్టే పారిస్ ఒలింపిక్స్‌లో ఆడగలిగాడు, ఆ మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చాడు. సిడ్నీ కథ చెప్పిన నోటితోనే ఈ కథ కూడా మన పిల్లలకు చెప్పాలి. ఎప్పుడు నిలబడాలో తెలిసినవాడు వీరుడైతే, ఎప్పుడు కూర్చోవాలో తెలిసినవాడు చాలాకాలం ఆడతాడు.

ఈ రాత్రి మీ పిల్లాడు కిట్ బ్యాగు గుమ్మం పక్కన దించి లోపలికి వచ్చినప్పుడు, ‘ఎన్ని కొట్టావురా?’ అనే ముందు ‘ఎక్కడైనా నొప్పిగా ఉందా నాన్నా?’ అని అడగండి. అతను నిజం చెప్పేదాకా ఓపిగ్గా ఉండండి. చెప్పాక కోప్పడకండి. క్యాలెండర్ దగ్గర పెన్ను ఎలాగూ వేలాడుతూనే ఉంటుంది.